ఉపాధ్యాయుడుగా గిడుగు రామమూర్తి పంతులు

తెలుగు వచనరచన శిష్టవ్యావహారికంలో సాగడానికి కారకులైన వారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు అగ్రగణ్యులు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది. వ్యావహారిక భాషోద్యమ సారథిగా, సవర భాషాపరిశోధకుడుగా ఆయన కీర్తి సుప్రతిష్ఠితం. అయితే ఈ రెండు కృషులకూ ఆధారమైన వృత్తి మరొకటి ఉన్నది. ఆయన సుమారు మూడు దశాబ్దాలు పర్లాకిమిడిలో బడిపంతులుగా, ఆ తరువాత కళాశాలాధ్యాపకుడుగా పాఠాలు చెప్పారు. సవర భాషను ఆయన అభ్యసించింది సవర పిల్లలకు చదువు చెప్పడానికి. తెలుగు వచనభాషను గురించి ఆయన వాదించడం మొదలుపెట్టింది తెలుగు పిల్లల రాతపనిని గురించిన చర్చతో. విద్యార్థికి తెలిసినదాని నుండి తెలియనిదానికి దారి వేయడం ఉపాధ్యాయుని విధి అనే బోధనాసూత్రం ఆయన జీవితంలోని భిన్నఘట్టాలను ఒకే సూత్రాన గుచ్చుతున్నది. ఆ దృష్టితో ఆయన చరిత్రను పరిశీలించినప్పుడు భాషాశాస్త్రజ్ఞుని వెనుక ఉన్న ఉపాధ్యాయుడు స్పష్టంగా గోచరిస్తాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళానికి ఉత్తరంగా, వంశధారా తీరాన, ముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయిన కొద్దికాలానికే, 1875లో, విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. ఇంటిపెద్ద పోయిన కుటుంబంలోని బాలునికి చదువు సాగడమే కష్టమైన ఆ రోజులలో, మేనమామ ఆదరణతో ఆయన విజయనగరం చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో విద్యార్థి అయ్యారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. పాఠశాలలో కలిసిన ఆ స్నేహం మూడు దశాబ్దాల అనంతరం తెలుగు భాషాచరిత్రను మలుపు తిప్పిన మైత్రిగా పరిణమించింది.

ముఖలింగేశ్వరాలయంలోని శాసనాలు రామమూర్తిని బాల్యం నుండి ఆకర్షించాయి. గురుముఖతః నేర్చుకొనే అవకాశం లేకపోయినా ప్రాచీనలిపులను స్వయంకృషితో చదవడం ఆయన అభ్యసించారు. కళింగ గాంగుల చరిత్రపై ఆయన తరువాత చేసిన పరిశోధనకు అదే పునాది. ఈ అభ్యాసం బోధకుడుగా ఆయనకు రెండు విధాల ఉపకరించింది. తెలియనిదానిని తానై తెలుసుకొనేటప్పుడు అభ్యాసి ఎక్కడెక్కడ తడబడతాడో ఆయనకు స్వానుభవంతో బోధపడింది. భాష కాలానుగుణంగా మారుతుందనడానికి రాతిమీది అక్షరాలే ఆయనకు సాక్ష్యమిచ్చాయి.

పర్లాకిమిడి పాఠశాల

1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైన రామమూర్తి, 1880లో నెలకు ముప్పై రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన జమీందారీ. ఊరిలో తెలుగు, ఒడియా భాషలు రెండూ వ్యవహారంలో ఉండేవి. ఊరు దాటి కొండలెక్కితే సవరల పల్లెలు. రాజాస్థానంలో సంస్కృత పండితులకు గౌరవం, పాఠశాలలో ఇంగ్లీషుకు ప్రాధాన్యం. ఇన్ని భాషల నడుమ పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయునికి, పాఠ్యవిషయం ఎంత ముఖ్యమో దానిని అందించే భాష కూడ అంత ముఖ్యమని గ్రహించే అవకాశం నిత్యమూ కలుగుతుంది.

ఉద్యోగం చేస్తూనే ఆయన స్వయంగా చదువుకొని 1886లో ఎఫ్.ఏ. పరీక్షలోను, ఆ తరువాత చరిత్ర ప్రధానవిషయంగా బి.ఏ. పరీక్షలోను కృతార్థులయ్యారు. బి.ఏ.లో ప్రథమశ్రేణి లభించింది. పగలు బోధకుడు, రాత్రి విద్యార్థి అయిన ఈ జీవితం ఏళ్ళ తరబడి సాగింది. రాజావారి ఉన్నతపాఠశాల కళాశాల అయినప్పుడు ఆయనకు కళాశాల తరగతులకు బోధించే అర్హత, అవకాశం రెండూ లభించాయి. పై తరగతులకు పోయినా కింది తరగతుల పిల్లవాని ఇబ్బంది ఆయన దృష్టిపథం నుండి తొలగలేదు. ఆయన ఉత్తరజీవిత కృషి అంతా ఆ పిల్లవాని పక్షాననే జరిగింది.

ఆయన వద్ద చదువుకొన్నవారిలో తాపీ ధర్మారావు ప్రసిద్ధులు. ధర్మారావు మొదట గ్రాంథికాభిమాని. గురువు వాదాన్ని తొలిరోజులలో అంగీకరించలేదు. కాలక్రమాన ఆయనే వ్యావహారికానికి ప్రబలసమర్థకులై, సంపాదకుడుగా జనవాణి పత్రికను వాడుకభాషలో నడిపారు. భిన్నాభిప్రాయంతో పాఠశాల విడిచిన శిష్యుడు తన పరిశీలనతో తానే గురువు మార్గానికి రావడం రామమూర్తి బోధనకు లభించిన ఉత్తమఫలాలలో ఒకటి.

సవర భాషాభ్యాసం

పర్లాకిమిడి పరిసరారణ్యాలలో నివసించే సవరలు అతి ప్రాచీనజాతి. వారి ప్రస్తావన ఐతరేయ బ్రాహ్మణంలోనే ఉన్నది. ఆ జాతి పేరు పురాణేతిహాసాలలో వినిపిస్తూనే ఉన్నా, ఆ జాతివారి భాషను నేర్చుకొని వారి పిల్లలకు అక్షరాలు చెప్పాలని యోచించిన పండితుడు రామమూర్తికి ముందు ఈ ప్రాంతంలో కనిపించడు. సంతలకు దిగివచ్చే సవరలు తూకంలో, లెక్కలో, అప్పుపత్రంలో మోసపోవడం నిత్యకృత్యంగా ఉండేది. వారికి చదువు రావాలి. ఆ చదువు ఏ భాషలో రావాలన్నది ప్రశ్న.

ఆనాటి వాడుక ప్రకారం సవర పిల్లలను బడిలో చేర్చి తెలుగులోనో ఒడియాలోనో చదువు చెప్పడం సులభమార్గం. ఆ మార్గంలో కష్టమంతా పిల్లవానిది. ఇంట వినని మాటలు, అర్థం తెలియని అక్షరాలు, సమాధానం తెలిసినా చెప్పలేని మూగతనం. రామమూర్తి ఆ కష్టాన్ని ఉపాధ్యాయుని పక్షానికి మార్చారు. పిల్లవాడు ఉపాధ్యాయుని భాష నేర్చుకొనడానికి ముందు ఉపాధ్యాయుడే పిల్లవాని భాష నేర్చుకొనాలని నిశ్చయించుకొన్నారు. సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని తన ఇంటనే పెట్టుకొని సవర నేర్చుకొనడం ఆరంభించారు. ఆ కాలంలో అస్పృశ్యులుగా పరిగణితమైన కులానికి చెందిన విద్యార్థులకు కూడ ఆయన తన ఇంట ఆశ్రయమిచ్చి భోజనం పెట్టారు. బడిలో చేరిన పిల్లవాడు నిర్భయంగా కూర్చొనాలంటే ముందు బోధకుని గడప అతనికి తెరిచి ఉండాలని ఆయన ఆచరణతో నిరూపించారు. బ్రాహ్మణ గృహస్థుకు ఆనాడు అది సామాన్యసాహసం కాదు.

ముండా భాషావర్గానికి చెందిన సవర నిర్మాణంలో తెలుగుకు చాల దూరం. తెలుగులో రెండు మూడు పదాలతో చెప్పే భావాన్ని సవర క్రియాపదం కర్మను తనలో ఇముడ్చుకొని ఒకే పదంగా చెప్పగలదు. మహాప్రాణాలు లేవు. గొంతులో శ్వాసను క్షణకాలం నిరోధించి పలికే ధ్వని ఒకటి అర్థభేదకంగా ఉన్నది. తెలుగు వర్ణమాల చూపలేని అచ్చులున్నాయి. ఇటువంటి భాషను వ్యాకరణం గాని, నిఘంటువు గాని, లిఖితవాఙ్మయం గాని లేని స్థితిలో కేవలం విని నేర్చుకొనాలి. విన్నదానిని విభజించి సూత్రీకరించుకొనాలి. స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలను ఆయన అభ్యసించడానికి ఈ అవసరం కూడ దోహదం చేసింది.

సంఖ్యావాచకాలను పరిశీలిస్తే ఈ శ్రమ బోధనకు ఎంత అవసరమో విశదమవుతుంది. సవరలో పన్నెండు వరకు సంఖ్యలకు విడివిడి పేర్లున్నాయి. పదమూడు అనడానికి పన్నెండు-ఒకటి అంటారు. పందొమ్మిది అనడానికి పన్నెండు-ఏడు. ఇరవై తరువాత లెక్క ఇరవైలలో సాగుతుంది. ముప్పైమూడు అంటే ఒక ఇరవై, పన్నెండు, ఒకటి. తొంభైమూడు అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. దశాంశగణనను ఎక్కాలతో వల్లెవేయించే తెలుగు ఉపాధ్యాయునికి ఈ సంగతి తెలియకపోతే, సవర బాలుడు సరిగానే లెక్కించినా అది తప్పుగా తోస్తుంది. లెక్క రాని మొద్దు అన్న ముద్ర ఆ బాలునిపై పడుతుంది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ఆ ఇరవైల నుండి పదులకు మెట్టు కట్టగలడు. బాలుని భాష తెలియడం అంటే మాటల అర్థం తెలియడంతో ముగిసేది కాదు. అతడు ఆలోచించే క్రమం తెలియడం కూడ అందులో చేరి ఉన్నది.

సవర పాఠశాలలు

భాష పట్టుబడిన కొద్దీ రామమూర్తి సవరలో పాఠ్యపుస్తకాలు రచించారు. లిపి లేని ఆ భాషకు మొదట తెలుగు లిపిని ఉపయోగించారు. సవరల పాటలను, కథలను సేకరించారు. సొంత ధనంతో పాఠశాలలు నెలకొల్పి, ఉపాధ్యాయులకు జీతాలు తామే చెల్లించారు. సవర పిల్లలు తమ ఇంటిమాటలతో అక్షరాభ్యాసం చేసే ఏర్పాటు ఈ విధంగా ఏర్పడింది. ఈ కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయల పారితోషికం ఇవ్వబోగా ఆయన స్వీకరించలేదు. ఆ ధనంతో సవరలకు బడి పెట్టవలసిందని కోరారు. ముప్పై రూపాయల జీతంతో జీవితం ఆరంభించిన ఉపాధ్యాయునికి వెయ్యి రూపాయలు దాదాపు మూడేళ్ళ జీతానికి సమానం అన్నది గుర్తుంచుకొంటే ఆ త్యాగం విలువ తెలుస్తుంది. 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ప్రదానం చేసింది.

ఈ సేవకు ఆయన శరీరం కూడ మూల్యం చెల్లించింది. సవరల పల్లెల కోసం మన్యంలో తిరిగిన ఫలితంగా ఆయనకు చలిజ్వరం పట్టుకొన్నది. దాని నివారణకు క్వినైను విశేషంగా సేవించవలసి వచ్చింది. ఆ ఔషధప్రభావంతో వినికిడి క్రమంగా నశించింది. భాషను చెవితో విని నేర్చుకొన్న పరిశోధకునికి, పిల్లల మాటలు వినడమే బోధనకు మొదటి మెట్టు అని నమ్మిన ఉపాధ్యాయునికి, చెవులే పోయాయి. అయినా ఆయన కృషి ఆగలేదు. కుమారులు గిడుగు వేంకట సీతాపతి సవర భాషాధ్యయనంలో తండ్రికి తోడ్పడ్డారు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. పిల్లల పుస్తకాలకు తెలుగు లిపిని వాడిన రామమూర్తి, శాస్త్రగ్రంథాలలో ధ్వనిభేదాలను నిర్దుష్టంగా చూపడానికి రోమను లిపిని, ప్రత్యేక చిహ్నాలను అవలంబించారు. పాఠకుని అవసరాన్ని బట్టి లిపిని కూడ ఎన్నుకొనడం ఆయన వివేకానికి నిదర్శనం.

తెలుగు తరగతిలోని సమస్య

1907 ప్రాంతంలో ఉత్తరసర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఏ. యేట్స్ తెలుగు నేర్చుకొంటూ ఒక విచిత్రాన్ని గమనించారు. పుస్తకాలలో తాను చదివే తెలుగు చుట్టూ వినిపించే తెలుగుతో కలవడం లేదు. ఇంగ్లీషు బోధనలో మాట్లాడే భాషకు ప్రాధాన్యమిచ్చే పద్ధతులు ప్రచారంలోకి వస్తున్న కాలమది. దేశభాష బోధనలో మాత్రం విద్యార్థి నోటిమాటకు చోటు లేకపోవడానికి కారణమేమని ఆయన విచారించారు. విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ విషయంలో సమర్థులుగా గురజాడను, గిడుగును సూచించారు. ఆ విధంగా విజయనగరం సహాధ్యాయులు ఇద్దరూ ఒకే కార్యరంగంలో కలిశారు.

సవర పిల్లల విషయంలో రామమూర్తి చూచిన సమస్యకు తెలుగు పిల్లల బడిలోనూ రూపాంతరం ఉన్నది. పిల్లవాడు ఇంట వచ్చాడు అంటాడు, ఊళ్ళో వచ్చాడు అని వింటాడు. ఉపాధ్యాయుడు పాఠాన్ని వివరించేటప్పుడు కూడ వచ్చాడు అనే అంటాడు. రాతపనిలో మాత్రం వచ్చెను అనో, వచ్చినాడు అనో ఉండాలి. అరసున్నలు, శకటరేఫలు ఉచ్చారణలో లేవు, పుస్తకంలో ఉండాలి. సరళాదేశం, గసడదవాదేశం మొదలైన సంధికార్యాలు సూత్రప్రకారం జరగాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకు చేసిన అపూర్వ లక్షణగ్రంథం. ఆ లక్షణాన్ని పదేళ్ళ పిల్లవాడు ఆవును గురించి రాసే పది వాక్యాలకు ప్రమాణంగా నిలిపినప్పుడు, అతని దృష్టి ఆవు మీద నుండి అరసున్న మీదికి మళ్ళుతుంది. భావమున్నా రాయడానికి జంకు పుడుతుంది. తన భాషలోనే తాను అపరాధి అనే భయం ఏర్పడుతుంది.

ఈ భయాన్ని తొలగించడం రామమూర్తి ఉద్యమానికి ప్రధానలక్ష్యాలలో ఒకటి. ఆయన దోషాన్ని విద్యార్థిలో చూడలేదు. ఉపాధ్యాయునికే పట్టుబడని భాషను విద్యార్థి నుండి ఆశించే విధానంలో చూచారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితుల రచనలలోనే గ్రాంథిక వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఎన్నో ఉన్నాయని ఉదాహరణలతో నిరూపించారు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే గ్రంథం ఆ పరిశీలనకు ఫలం. జీవితమంతా శాస్త్రం చదివిన విద్వాంసునికే తప్పని పొరపాటుకు బాలుని శిక్షించడం ఎట్లా న్యాయమవుతుందన్నది ఆ గ్రంథం వెనుక ఉన్న ప్రశ్న.

ఒక అనుమతి, దాని రద్దు

ఈ కృషి కొంత ఫలించింది. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను విద్యార్థులు కావ్యభాషలో గాని, ఆధునికభాషలో గాని రాయవచ్చునని అనుమతి లభించింది. ఆధునికభాషకు ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర వంటి రచనలు లక్ష్యాలుగా నిలిచాయి. బడిలో పిల్లవాడు తన మాటలో తన భావం చెప్పుకొనడానికి అధికారికంగా తెరుచుకొన్న మొదటి తలుపు అది.

పండితలోకం తీవ్రంగా ప్రతిఘటించింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆ ప్రతిఘటనకు కేంద్రమైనది. జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయశాస్త్రి, వావిలికొలను సుబ్బారావు వంటి పెద్దలు గ్రాంథికపక్షాన నిలిచారు. వారి వాదాన్ని తేలికగా తోసివేయడం న్యాయం కాదు. మాట్లాడే భాష జిల్లా జిల్లాకు మారుతుంది, కులానికొక తీరుగా ఉంటుంది. నన్నయ నాటి నుండి తెలుగువారందరినీ ఒకటిగా కలిపి ఉంచినది కావ్యభాష. దానిని బడి నుండి తొలగిస్తే పూర్వవాఙ్మయం రాబోయే తరాలకు అందకుండా పోతుంది అని వారి ఆందోళన. రామమూర్తి సమాధానం ఇందుకు అభిముఖంగానే ఉన్నది. తాము కోరేది ఎవరికి తోచినట్లు వారు రాయడం కాదనీ, చదువుకొన్నవారు పరస్పరం వ్యవహరించే శిష్టభాష అన్ని ప్రాంతాలకూ చాలవరకు సమానమనీ ఆయన వివరించారు. కావ్యాలను చదవవద్దని ఆయన ఎన్నడూ అనలేదు. కావ్యభాషను చదివి ఆనందించడం వేరు, దానిలోనే రాయాలని పసివానిని నిర్బంధించడం వేరు. ఈ భేదాన్ని ఆయన జీవితాంతం బోధిస్తూ వచ్చారు.

ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఆయన 1913లో ఇంగ్లీషులో విజ్ఞాపనపత్రం ప్రకటించారు. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో గురజాడ 1914లో తన అసమ్మతిపత్రం సమర్పించారు. అయినా గ్రాంథికపక్షమే గెలిచింది. 1915లో ఆ అనుమతి రద్దయింది. అదే సంవత్సరం నవంబరు 30న గురజాడ కన్నుమూశారు. ఒకే ఏడాదిలో రామమూర్తికి ఉద్యమఫలం చేజారింది, బాల్యమిత్రుడు దూరమయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు యాభైరెండేళ్ళు. వినికిడి క్షీణించిన ఆ స్థితిలో మరొకరైతే విరమించి ఉండేవారు.

పెద్దలకు పాఠాలు

రామమూర్తి విరమించలేదు. ఆ తరువాతి కాలంలో ఆయన ఆంధ్రదేశమంతటా తిరిగి సభలలో ఉపన్యసించారు. ఆ ఉపన్యాసాలలో కూడ ఉపాధ్యాయుని పద్ధతే కనిపిస్తుంది. సిద్ధాంతంతో ఆరంభించక శ్రోతలకు పరిచితమైన గ్రంథాలనే ముందుంచి, వాటిలోని ప్రయోగాలను పరిశీలింపజేసి, నిర్ణయాన్ని వారికే విడిచిపెట్టేవారు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం రాజమహేంద్రవరంలో ఏర్పడింది. పూర్వం గ్రాంథికంలో విస్తారంగా రచించిన వీరేశలింగం జీవితచరమదశలో ఈ మార్గాన్ని ఆమోదించడం ఉద్యమానికి గొప్ప బలమైనది. 1919-20లో తెలుగు అనే మాసపత్రికను రామమూర్తి నడిపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై తన నిషేధాన్ని ఎత్తివేసింది. 1925లో తణుకులో జరిగిన పరిషత్తు సభలో ఆయన నాలుగు గంటలసేపు ప్రసంగించారు. తమను కాదన్న సభలోనే నిలిచి పాఠం చెప్పినట్లుగా తన వాదాన్ని వినిపించగలగడం ఆయన సహనానికి పరాకాష్ఠ.

గద్యచింతామణి, బాలకవి శరణ్యము మొదలైన రచనలు ఆయన వాదానికి శాస్త్రీయాధారాలను సమకూర్చాయి. శాసనాలలో, వ్యాఖ్యానాలలో, లేఖలలో, కైఫీయతులలో వాడుకరూపాలు ఏనాటి నుండో ఉన్నాయన్నది ఆయన పరిశోధనాసారాంశం. బడిపిల్లవాడు తప్పు రాశాడని కొట్టివేసిన రూపం పూర్వుల లేఖలలో గౌరవంగా నిలిచి ఉన్నదని చూపడం ఆయనకు ఎంతో ప్రీతికరమైన పని. ముఖలింగంలో బాలుడుగా చదివిన శాసనాలు వృద్ధాప్యంలో ఆయనకు ఈ విధంగా ఉపయోగపడ్డాయి.

చరమదశ

1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం జరిగింది. దేశవిదేశ విద్వాంసుల రచనలతో వ్యాససంగ్రహం సమర్పించి ఆంధ్రలోకం ఆయనను గౌరవించింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదం లభించాయి. ఈ గౌరవాల నడుమ ఒక ఎడబాటు కూడ సంభవించింది. 1936లో ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. ఆ ఏర్పాటును వ్యతిరేకించిన రామమూర్తి అర్ధశతాబ్దికి పైగా తాను నివసించిన ఊరిని, తాను పాఠాలు చెప్పిన బడిని, సవరల కొండలను విడిచి రాజమహేంద్రవరం చేరారు. అదే 1936లో సవరజాతికే చెందిన మాంగేయి గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేకలిపిని రూపొందించడం విశేషం. సవర భాష చదువుకు యోగ్యమైన భాష అన్న రామమూర్తి విశ్వాసానికి ఆ జాతి తనంత తానుగా మరొక రూపం కల్పించుకొన్నది.

1940 జనవరి 22వ తేదీన రామమూర్తి మద్రాసులో దివంగతులయ్యారు.

ఉపసంహారం

రామమూర్తి తలపెట్టిన పనులలో అన్నీ ఆయన జీవితకాలంలో నెరవేరలేదు. పాఠశాలలలో, విశ్వవిద్యాలయాలలో వ్యావహారికం సంపూర్ణంగా ఆమోదం పొందడానికి ఆయన మరణానంతరం మరికొన్ని దశాబ్దాలు పట్టింది. సవర పిల్లల చదువు అంతకంటే ఆలస్యమయింది. ఆయన సొంత ధనంతో నడిపిన బడులు ప్రభుత్వవిద్యావిధానంగా స్థిరపడలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో సవరతో సహా ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన చేపట్టినప్పుడు, సవర బాలునికి సవరలోనే తొలిపాఠం చెప్పాలన్న భావన తిరిగి ఆచరణకు వచ్చింది. అప్పటికి ఆయన మరణించి అరవైనాలుగేళ్ళు.

నేటి విద్యాశాస్త్రం మాతృభాషలో ప్రాథమికబోధన, విద్యార్థి పూర్వజ్ఞానం ఆధారంగా పాఠనిర్మాణం, నిర్భయమైన తరగతి వాతావరణం అనే అంశాలను ప్రముఖంగా ప్రతిపాదిస్తున్నది. రామమూర్తి వీటిని సిద్ధాంతాలుగా ప్రకటించలేదు. తన ఎదుట కూర్చున్న పిల్లవాడు ఎందుకు మౌనంగా ఉన్నాడో విచారించి, ఆ మౌనానికి కారణాన్ని మొదట తన బోధనలో వెదికారు. సవర బాలుని విషయంలో ఆ కారణం ఉపాధ్యాయునికి సవర రాకపోవడం. తెలుగు బాలుని విషయంలో ఉపాధ్యాయుడే మాట్లాడని తెలుగును కోరడం. మొదటిదానికి ఆయన స్వయంగా విద్యార్థి అయ్యారు. రెండవదానికి పండితలోకంతో మూడు దశాబ్దాలు వాదించారు. ఆయన వ్యాకరణ నిఘంటువులు భాషాశాస్త్రజ్ఞులకు ఉపయోగపడుతూనే ఉన్నాయి. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించేవారికి అంతకంటే ఉపయోగపడేది, ముప్పై రూపాయల జీతంతో జీవించే బడిపంతులు తన విద్యార్థుల భాష నేర్చుకొనడానికి ఇంట ఒక గురువును పెట్టుకొన్న ఆ తొలి నిర్ణయం.